ఆట మధ్యలో మూసిన తలుపు

ఏప్రిల్ 3

ఒరే బావమరిదీ,

క్షేమసమాచారాలు మీ అక్క ఫోన్లో చెప్పేసే ఉంటుంది కాబట్టి ఆ భాగం దాటేస్తున్నాను. నీతో ఇక ఫోన్లో మాట్లాడనని మొన్న మీ అక్క ఎదుటే ఒట్టేశాను. ఉత్తరం రాయనని వెయ్యలేదు. అసలు ఇదే నయం. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపే "మీటింగ్ ఉంది బావగారూ" అంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

నిన్న మీ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. "తగినంత వాణిజ్య అవకాశాలు లేనందున మే ఒకటి నుంచి బయటి బోర్డులకు మా సహకారం నిలిపివేస్తున్నాం. మీ ప్రయాణంలో భాగమైనందుకు సంతోషిస్తున్నాం" అట. ప్రయాణమేమిట్రా? నేనెక్కడికి బయల్దేరాను? పొద్దున లేచి వర్క్‌షాపు తాళం తీయడం, సాయంత్రం వేయడం, ఇదీ నా ప్రయాణం. నిలిపేసేదేదో సూటిగా నిలిపేస్తున్నామని చెప్పి ఊరుకోకుండా ఆ సంతోషం ఒకటి.

గుర్తు చేస్తున్నాను, విను. టేపు రికార్డర్లూ రేడియోలూ బాగుచేసుకుంటూ నా మానాన నేనున్నాను. మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని నువ్వే కదా చెప్పావు: "బావగారూ, మా వెబ్‌సైట్‌లో లక్షలమంది చదరంగం ఆడుతున్నారు, అందరూ ఫోన్లకి అతుక్కుపోయి. మీరు అసలు సిసలు చెక్కబోర్డు ఒకటి చెయ్యండి. మనిషి చేత్తో పావు కదిపితే అది అవతలివాడి ఫోన్లో కదలాలి. అవతలివాడి ఎత్తు మీ బోర్డు మీద దీపాలుగా వెలగాలి. మా వైపు తలుపు నేను తెరిచి పెడతాను." ఈ మాటలు నీవి. మీ అక్క సాక్షి.

చేశాను. ప్రతి గడి కింద ఒక తీగచుట్ట, ప్రతి పావు అడుగున ఒక అయస్కాంతం, గడి మూలన ఆవగింజంత దీపం. పావుల అడుగులకి బట్ట అంటించింది మీ అక్క. తెర లేదు, మోత లేదు. కొన్నవాళ్ళు మా ఇంటికొచ్చి మరీ మెచ్చుకున్నారు. ఇప్పుడు మీరు తలుపు మూస్తే అవన్నీ ఉత్త చెక్కలు. రేపు వాళ్ళకి నేను ఏ మొహం చూపించాలి?

నువ్వు అక్కడే ఉన్నావు, ఆ తలుపు దగ్గరే నీ ఉద్యోగం. ఆపించు.

కడుపు మండిపోతున్న
మీ బావ

*

ఏప్రిల్ 11

బావగారికి నమస్కారాలు.

అక్కకి వేరే రాయక్కర్లేదు, ఈ కవరు ముందు విప్పేది తనే. (అక్కా, కళ్ళజోడు తలమీద ఉంటుంది, తడిమి చూడు.)

మీ కోపం న్యాయమే. కానీ నేనక్కడ యజమానిని కాను బావగారూ, జీతగాణ్ణి. తలుపు దగ్గర కాపలా ఉన్నంత మాత్రాన ఇల్లు నాదైపోదు. మీటింగులో ఒక గ్రాఫు చూపించారు. ఫోన్లో ఆడేవాళ్ళు కొండంత ఎత్తు. మీలాంటి బోర్డులతో ఆడేవాళ్ళ గీత ఎక్కడుందా అని నేనే వెతుక్కున్నాను. కాగితం అంచు అనుకున్నదే ఆ గీత అని తర్వాత తెలిసింది.

ఒక్క మాట నిష్ఠూరంగా చెప్పనా? చదరంగం కోసమే ఒక పరికరం కొనే రోజులు పోయాయి. జేబులో ఉన్న ఫోను ఎంతటి ఆటగాణ్ణయినా చిత్తు చేస్తుంది, పైగా ఊరికే. మీ బోర్డు ఎంత అందంగా ఉన్నా అది చేసేది ఒక్కటే పని. మా డైరెక్టరు ఏమన్నాడో తెలుసా? "బయటి కంపెనీ మారినప్పుడల్లా మనం మారాలి, మనం మారినప్పుడల్లా వాళ్ళు మారాలి, ఎవరికోసం ఇదంతా?" అన్నాడు.

మరీ మిగిలిపోతే టీ ట్రేలుగా అమ్మండి. గళ్ళ గళ్ళుగా, దీపాలతో సహా. నవ్వండి బావగారూ, నవ్వితే పోయేదేముంది.

మీ బావమరిది

*

ఏప్రిల్ 19

ఏరా గ్రాఫుల దొరా,

టీ ట్రేలా? ఆ ముక్క మీ అక్క చదివి వినిపించేసరికి నా చేతిలో టంకం వేసే కడ్డీ ఉంది. బల్ల కాలింది. మచ్చ ఇంకా ఉంది, వచ్చి చూసుకో.

జేబులో ఫోను ఎవరినైనా చిత్తు చేస్తుందని రాశావు. చిత్తు చెయ్యమని ఎవడడిగాడు? నిన్న నేనూ ఫోన్లో మీ ఆట ఆడి చూశాను. గుర్రాన్ని పట్టుకుని లాగుతుంటే అప్పు ఇస్తామని ఎవరో ఫోను చేశారు. అది పెట్టేసి వచ్చేసరికి గుర్రం ఇంకెక్కడో దిగింది. ఎత్తు వెనక్కి తీసుకుందామంటే ముందు ఒక ప్రకటన చూడమంది. ఆటా అది?

నా బోర్డు కొన్నవాళ్ళలో కుట్టుపని చేసే ఆవిడ ఉంది. పగలంతా సూదిలో దారం ఎక్కించి కళ్ళు లాగేస్తాయి, తెర చూస్తే నీళ్ళు కారతాయి. పొద్దుగూకాక మిషను మూసి బోర్డు తెరుస్తుంది. పళ్ళ డాక్టరున్నాడు, ఊరికే గొప్పకి కొన్నాడులే, అతన్ని వదిలెయ్. రిటైరైన రైల్వే గార్డుగారున్నారు. ఆయన చేతులు వణుకుతాయి. ఫోను తెర మీద ఒకటి నొక్కబోతే ఇంకొకటి నొక్కుకుంటుంది. నా పావు లావుగా, బరువుగా ఉంటుంది, పెట్టిన చోట నిలుస్తుంది. రోజూ మధ్యాహ్నం అన్నం తిని కిటికీ పక్కన కూర్చుంటారు. అవతల ఎక్కడో ఎవరో ఒకాయన, రోజూ అదే మనిషి, అదే వేళకి వస్తాడు. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆడుకుంటారు.

వీళ్ళు నీ గ్రాఫులో కనబడరు, సరే. కాగితం అంచున ఉన్నారు కాబట్టి కత్తిరించి పారేస్తారా?

తలుపు తెరిచి పెడతానని మాటిచ్చింది డైరెక్టరు కాదు. నువ్వు.

మీ అక్క మొగుడు

తాజా కలం: కళ్ళజోడు నిజంగానే తలమీద ఉంది. దానికి నువ్వు మురిసిపోనక్కర్లేదు.

*

మే 4

బావగారికి,

మూడుసార్లు ఫోను చేశాను. మీరు అందుకోలేదు. అక్కకి చెప్పబోతే "మీ మధ్యలో నన్ను ఇరికించకండి" అని పెట్టేసింది. కాగితం మీద రాసే సంగతి కాదు కాబట్టి పొట్టిగా రాస్తున్నాను.

మే ఒకటి దాటింది. మీ బోర్డులు పనిచేస్తూనే ఉన్నాయనుకుంటాను. ఉంటే, చప్పుడు చెయ్యకండి. ఎవరితోనూ ఏమీ అనకండి. దయచేసి కొన్నాళ్ళు నోరు మెదపకుండా ఉండండి.

ఇంతకంటే రాయలేను.

మీ బావమరిది

*

మే 12

ఒరే,

నోరు మెదపొద్దా? ముందు టీ ట్రేలు చేసుకోమన్నావు, ఇప్పుడు నోరు మూసుకోమంటున్నావు. పెళ్ళినాడు నీకు గొడుగు కూడా పట్టుకోవడం రాలేదు, నా నెత్తిన వాన పడింది. అప్పుడూ ఇలాగే అన్నావు, "ఊరుకోండి బావగారూ, ఎవరూ చూడలేదు" అని. నలుగురూ చూశారు.

నీ కుర్చీకి ఎసరొస్తుందని కదా నీ భయం? మీ డైరెక్టరు ముందు తలెత్తలేక నన్ను నోరు కట్టేసుకోమంటున్నావు. మీ అక్క కూడా "వాడేదో చెప్పబోయాడు, వినాల్సింది" అని సణిగింది. వినడానికేముంది?

అవును, బోర్డులు భేషుగ్గా పనిచేస్తున్నాయి. నాకు పట్టరాని కోపం వచ్చింది అక్కడే. మూస్తామని బెదిరించి, జనాన్ని హడలగొట్టి, చివరికి మూయనే లేదు! మా దగ్గరికి అడగడానికి వచ్చిన ఇద్దరు మూతపడుతుందట కదా అని కొనకుండా వెళ్ళిపోయారు. అందుకని నీతో పని లేకుండా మీ డైరెక్టరుకే రిజిస్టరు ఉత్తరం వేశాను. దాచడానికి నేనేం నీలా కాదు, ఏం రాశానో చూసుకో:

"అయ్యా, మే ఒకటిన మూసేస్తామన్న తలుపు ఈనాటికీ తెరిచే ఉంది. నా బోర్డులన్నీ చక్కగా ఆడుతున్నాయి. అంటే తెరిచి ఉంచడంలో మీకు వచ్చిన కష్టం ఏమీ లేదని మీరే రుజువు చేశారు. ఏ కష్టమూ లేనప్పుడు మూస్తామని పెద్దమనుషుల్ని భయపెట్టడం మర్యాదేనా? తెరిచే ఉంచుతామని ఒక్క ముక్క రాసి ఇవ్వండి. కావాలంటే మీ దగ్గర పనిచేస్తున్న మా బావమరిదిని పిలిచి అడగండి, అతనికి అన్నీ తెలుసు."

ఎలా ఉంది? పాయింటు పట్టుకున్నానా లేదా? నీ పేరు కూడా కలిపాను, పైవాళ్ళ కళ్ళలో పడతావు.

మీ బావ

*

మే 20

బావగారికి,

ఈసారి క్షేమసమాచారాలు నేను దాటేస్తున్నాను.

పైవాళ్ళ కళ్ళలో పడ్డాను. సంతోషమా?

ఏప్రిల్ నెలాఖరున ఆ తలుపు మూసే పని నాకే అప్పగించారు. నేను మూయలేదు. మీరు అన్నారు కదా, మాటిచ్చింది నువ్వు అని. అది పట్టుకుని నిద్రపట్టక మూయలేదు. అడిగినప్పుడల్లా "పరీక్షలు జరుగుతున్నాయి, ఇంకా పూర్తికాలేదు" అని రాస్తూ వచ్చాను. నన్నెవరూ గట్టిగా అడగలేదు, ఎందుకంటే ఆ గీత వైపు ఎవరూ చూడరు. మీరు తిట్టిపోసిన ఆ గ్రాఫే మనల్ని కాపాడుతోంది. కాగితం అంచున ఉన్నవాణ్ణి ఎవరు లెక్కపెడతారు? ఇలాగే ఏళ్ళకేళ్ళు గడిచిపోయేది. మీ గార్డుగారు హాయిగా ఆడుకునేవారు.

అందుకే చప్పుడు చెయ్యొద్దన్నాను. మీరేమో ఊరంతా డప్పు కొట్టించి, రిజిస్టరు చేసి మరీ పంపారు. చివర్లో "మా బావమరిదిని అడగండి" అని నా పేరు! అడిగారు. ఎదురుగా కూర్చోబెట్టి, మీ ఉత్తరం నాకే చదివి వినిపించి అడిగారు. చేతిరాత చూడగానే నాకు తెలిసిపోయింది, "య" కింద ఆ తోక మీరు తప్ప ఎవరూ పెట్టరు.

మొన్న మధ్యాహ్నం తలుపు మూసుకుంది. నా చేతే మూయించారు. అదే రోజు సాయంత్రం నా ఉద్యోగమూ పోయింది.

ఒక్కసారి ఫోను ఎత్తి ఉంటే సరిపోయేది బావగారూ. ఒట్టు అట, ఒట్టు. నా మీద పంతం నెగ్గించుకోవడం తప్ప ఇంకేం పట్టింది మీకు? నేను పిరికివాణ్ణని అనుకోవడానికి మీకు ఇంత సులువుగా ఎలా మనసొప్పింది?

ఇక నాకు రాయకండి.

*

మే 28

నాయనా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపెయ్యాలనిపిస్తే చింపెయ్, కానీ చదివాక చింపు.

కోపం నాది, ఉద్యోగం పోయింది నీది. ఈ వాక్యం రాయడానికి పొద్దున్నుంచి కూర్చున్నాను. మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెడుతుంది, వెళ్ళిపోతుంది. నిన్ను పిరికివాడన్నందుకు నా నాలుక కొరుక్కుంటున్నాను. ఒట్టు గిట్టు నాలుగు రోజుల కిందటే గట్టున పెట్టి నీకు ఫోను చేశాను. నువ్వు ఎత్తలేదు. నాకు తగిన శాస్తే.

కానీ మీ కంపెనీ మీద నా కోపం మాత్రం ఒక్క వీసమెత్తు తగ్గలేదు, అది వేరే సంగతి.

బోర్డులన్నీ ఆరిపోయాయి. పళ్ళ డాక్టరు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. కుట్టుపని ఆవిడ "మళ్ళీ ఎప్పుడైనా వెలుగుతాయాండీ" అని మాత్రం అడిగింది. గార్డుగారు రాలేదు, కబురూ లేదు. తిడతారేమోనని భయపడుతూ నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

మేడమీది గది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద బోర్డు, పావులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం ఆట సగంలో ఉండగా దీపాలు ఆరిపోయాయట. అప్పటినుంచీ ఒక్క పావు కూడా కదపనివ్వడం లేదు. కోడలు దుమ్ము తుడవబోతే కసురుకున్నారట. లోపల ఏమైనా చెయ్యొచ్చేమో చూస్తాను, ఒకసారి విప్పనివ్వండి అని అడిగాను. చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకు బోర్డు పోయిందని కాదయ్యా" అన్నారు. "అవతలాయన ఏమనుకుంటాడు? ఆట మధ్యలో చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోయాననుకోడూ? నేను గెలుస్తూ ఉంటే ఇంత బాధ లేదు. ఓడిపోతున్నాను. ఓడిపోయేటప్పుడు పారిపోయే రకం అనుకుంటాడు నన్ను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క బండినీ మధ్యలో వదిలి దిగినవాణ్ణి కాను."

చెప్పులు వేసుకుని వచ్చేశాను.

నువ్వు వచ్చెయ్. వర్క్‌షాపులో సగం నీది. ఏం చేద్దామో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ బావ

*

జూన్ 15

బావగారికి,

చింపలేదు. చదివాను.

వర్క్‌షాపులో సగం నాకొద్దు. జాలిపడి పెట్టే సగం నాకు మింగుడుపడదు. మీ మీద కోపం ఇంకా పోలేదు, పోయినప్పుడు చెబుతాను. కానీ గార్డుగారి సంగతి చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. ఆయనకి చెప్పాల్సింది ఒకటుంది. మీకు కూడా.

మీ ఉత్తరానికి నాకు పడింది చీవాట్లు. బాగానే పడ్డాయి. ఇంకో విభాగానికి మార్చి ఊరుకునేవారు. ఉద్యోగం పోయింది మాత్రం దానికి కాదు.

ఆ మధ్యాహ్నం మా మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి, ఇప్పుడే, ఈ నిమిషమే మూయమన్నాడు. చూస్తే ఇంకా కొన్ని ఆటలు నడుస్తున్నాయి. అయిపోయేదాకా ఆగుదామన్నాను. "పదిమంది కోసం ఆగుతామా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మూసేముందు, మీ బోర్డులతో ఆడుతున్న అవతలివాళ్ళందరి తెరల మీదకీ ఒక మాట పంపాను. అతను చూస్తుండగానే టైపు చేశాను: "మీ ఎదుట ఆడుతున్నవారు ఆట వదిలి వెళ్ళలేదు. వారు ఇంకా బోర్డు ముందే కూర్చుని ఉన్నారు. తలుపు మూసింది మేము."

కంపెనీ పరువు తీశానన్నారు. తీసింది నేనా వాళ్ళా అని అడిగాను. సాయంత్రానికి బయట ఉన్నాను.

ఆ మాట అందరికీ చేరింది. అందరూ చదివారు, చదివినట్టు గుర్తులు నేను చూశాను. జవాబులు రాకముందే తలుపు పడింది. గార్డుగారి అవతలాయనకి సంగతి తెలుసు. ఆయన పారిపోయారని అనుకోడు. వెళ్ళి చెప్పండి, ఇవాళే చెప్పండి.

కిందటి ఉత్తరంలోనే ఇది మీకు ఎందుకు చెప్పలేదంటే, ఉద్యోగం మీవల్లే పోయిందనుకుని మీరు కొన్నాళ్ళు కుమిలిపోవాలని అనిపించింది. అనిపించింది అంతే. పెద్దమనసు నాకు లేదు.

ఈ పొట్లంలో బోర్డుకొకటి చొప్పున చిన్న సర్క్యూట్ కార్డులున్నాయి. వెబ్‌సైటుతో మాట్లాడే కార్డు తీసేసి దాని స్థానంలో ఇది పెట్టండి. ఇక ఎవరి తలుపూ అక్కర్లేదు. బోర్డే ఆడుతుంది, తన బుర్రతో తను. ఖాళీగా కూర్చుని నేనొక్కణ్ణే దీని ప్రోగ్రాము రాశాను కాబట్టి అద్భుతంగా ఏమీ ఆడదు, గుర్రాలంటే పిచ్చి ప్రేమ. ఫోను ముందు ఇది పసిపిల్ల. దీనికి వాణిజ్య అవకాశాలు ఏమాత్రం లేవని నాకు తెలుసు, గ్రాఫు గీసి మరీ పంపగలను. అయినా రాశాను. జాలితో కాదు, మంటతో. ఎవడో మీటింగులో గీత చెరిపితే మీ బల్ల మీద దీపం ఆరిపోకూడదు, అంతే.

అక్కని మీతో మాట్లాడమన్నానని చెప్పండి.

బావమరిది

*

జూన్ 24

ఒరే నాయనా,

మీ అక్క మాట్లాడింది. మొదటి మాట "బుద్ధుందా మీకు". మిగతావి రాయడం లేదు.

పొట్లం అందిన రోజే గార్డుగారింటికి వెళ్ళాను. కార్డు సంగతి ఎత్తలేదు. నీ ఉత్తరంలో ఆ మధ్యాహ్నం గురించి ఉన్న భాగం తీసి చదివాను. ఆయన "ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను. "ఇంకా బోర్డు ముందే కూర్చుని ఉన్నారు" అన్నచోట తల ఊపారు. "నిజమే, కూర్చునే ఉన్నాను" అన్నారు.

తర్వాత ఆయనే పావులు ఒక్కొక్కటీ తీశారు. ముందుగా తన రాజుని పడుకోబెట్టి తీశారు, ఓడిపోయినవాళ్ళు చేసినట్టు. వణికే చేతులతో అన్నీ డబ్బాలో సర్ది, "ఇప్పుడు విప్పవయ్యా" అన్నారు.

కార్డు పెట్టాను. దీపాలు వెలిగాయి. ఆడటం మొదలుపెట్టారు. నీ కార్డుకి మతి లేదురా! గుర్రాన్ని కాపాడుకోవడానికి మంత్రిని బలి ఇచ్చేసింది. ఆయనకి కోపం వచ్చింది. "ముసలాణ్ణని వదిలేస్తోందా నన్ను?" అని నామీద అరిచారు. ఆ అరుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మాత్రం సరిచెయ్యి, లేకపోతే ఆయన నన్ను బతకనివ్వరు. కుట్టుపని ఆవిడ బోర్డులో కూడా పెట్టాను, ఆవిడ మొదటిరోజే ఓడిపోయి తెగ సంబరపడింది. పళ్ళ డాక్టరు మాకొద్దన్నాడు. పోనీ.

నేను లేచి వస్తుంటే గార్డుగారు ఆపి, "ఆ మాట పంపిన అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడిగారు. చెప్పాను. ఇక్కడికి ఎప్పుడొస్తాడన్నారు. "రాడండీ, నామీద కోపంగా ఉన్నాడు" అన్నాను.

"నీమీద కోపమైతే మీ ఇంటికి రావద్దను" అన్నారు. "మా ఇంటికి రమ్మను. నా పరువు కోసం ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఎలా ఉంటాడో చూడొద్దూ? ఏ బండికొస్తాడో ఒక్క ముక్క రాయమను. చేతులు వణికితే వణికాయి, కాళ్ళు బాగానే ఉన్నాయి. స్టేషనుకి నేనే వస్తాను."

అప్పటినుంచీ రోజూ వర్క్‌షాపు ముందు ఆగి అడుగుతున్నారు. మీ డైరెక్టరు కంటే మొండిఘటం. ఏం చెప్పమంటావు ఆయనకి? ఏ బండిరా?

మీ బావ